వద్దంటే నమ్మే మనిషి

ఆయన ఇంటికి మొదటిసారి భోజనానికి వెళ్ళి, మా ఆయనా నేనూ ఆకలితో బయటికొచ్చాం.

వంటకేం తక్కువ లేదు. పప్పు, గుత్తివంకాయ, పులిహోర, పెరుగావడలు. వాళ్ళావిడ పొద్దున్నుంచీ పొయ్యి దగ్గరే ఉన్నట్టుంది. మొదటి విడత తిన్నాక ఆయన వంకాయ గిన్నె పట్టుకుని నా దగ్గరికొచ్చి "ఇంకొంచెం వెయ్యనా అమ్మా?" అన్నారు. నేను అలవాటు కొద్దీ పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టి "వద్దన్నా, చాలు చాలు" అన్నాను. మనలో ఆ మాటకి అర్థం ఏమిటి? ఇంకో రెండుసార్లు అడగండి, అప్పుడు వేయించుకుంటాను అని. ఆయన "సరే" అని గిన్నె తీసుకెళ్ళి వంటింట్లో పెట్టేశారు. మూత కూడా పెట్టారు. పెరుగావడల దగ్గర మా ఆయన అదే పొరపాటు చేశాడు. ఆవడలూ లోపలికి వెళ్ళిపోయాయి.

"గోదావరి జిల్లా మనుషులు తినలేక సచ్చేటట్టు పెడ్తరంటరు. ఈయన ఏడ దొరికిండే నీకు?" అని కార్లో మా ఆయన ఒకటే సణుగుడు. కాలిఫోర్నియాలో మా ఊరి పెద్ద రోడ్డు ఎల్ కమీనో మీద కనిపించిన మొదటి హోటల్ దగ్గర ఆగి చెరొక దోశ తిన్నాం.

అంతకుముందు గుమ్మంలో నేను చెప్పులేసుకుంటుంటే వాళ్ళావిడ దగ్గరికొచ్చి, ఆయనకి వినపడకుండా అంది: "ఈయనతో వద్దు అని మాత్రం అనకమ్మా. నిజమనుకుంటారు."

ఆయన పోయి ఏడు నెలలైంది. ఇక్కడ పేరు రాయడం లేదు. రాయనా అని అడగడానికి ఆయన లేరు, అడక్కుండా రాస్తే ఆయనకి గిట్టదు.

గత శనివారం పొద్దున వంటగదిలో థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంటే నా ఫోన్‌లో చిన్న ప్రశ్న ఒకటి వచ్చింది. ఆ ప్రశ్న రాసింది నేనే. రాయించింది ఆయన. అది చదివి, మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడి ఏడ్చాను. ఎందుకు ఏడ్చానో తెలియాలంటే ముందు ఆయన సంగతి తెలియాలి.

శాంటా క్లారాలో మేమిద్దరం ఒకే ఆఫీసులో పనిచేశాం. వేళకి మందులు వేసుకోమని గుర్తుచేసే యాప్ మాది. అందులో స్క్రీన్లు తయారుచేయడం నా పని, వాటి మీద మాటలు రాయడమూ నా పనే. ఆయన యాప్‌లో తప్పులు పట్టే టెస్టర్, కాంట్రాక్టు మీద వచ్చారు. నాకు ముప్ఫై రెండు, ఆయనకి అరవై దగ్గరపడుతున్నాయి. వచ్చిన రోజే నా డెస్కు పక్కన నిలబడి, నేను తలెత్తేదాకా ఆగి, "తెలుగువారని చెప్పారండి. మిమ్మల్ని నువ్వు అనొచ్చా?" అన్నారు.

"మీ ఇష్టం సార్."

"నా ఇష్టం నాకు తెలుసండి. అడిగింది మీ ఇష్టం."

ఇదెక్కడి గొడవరా దేవుడా అనుకున్నాను. నాకంటే పాతికేళ్ళు పెద్ద, అనేస్తే పోలేదా! నా జన్మలో ఎవరూ నన్నీ మాట అడగలేదు. "అనండి సార్, నువ్వనే అనండి" అన్నాను.

"అయితే నన్ను సార్ అనకు. ఇంకేదైనా అను."

వరంగల్‌దాన్ని, నోటికొచ్చింది "అన్నా" అనేశాను. ఆయన అన్న అయ్యాక వాళ్ళావిడ వదిన అయింది. కొన్నాళ్ళకి నేనూ ఆయన్ని 'నువ్వు' అనడం మొదలుపెట్టాను. అడిగే మొదలుపెట్టాను లెండి.

ఆయనతో కలిసి పనిచేయడం అంత తేలికేం కాదు. ఏదైనా వెబ్‌సైట్ తెరిస్తే కుకీలు పెట్టుకోనిస్తారా అని అడుగుతుంది కదా, మనమంతా చూడకుండా సరే నొక్కేసి పోతాం. ఆయన కింద సన్నక్షరాల్లో ఉండే 'వివరాలు' తెరిచి, ఒక్కో గడిలో టిక్కు తీసేసేవారు, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు. లంచ్‌కి పోదాం రమ్మంటే "ఉండమ్మా, వీళ్ళు అడిగారు, చదివి చెప్పాలి కదా" అనేవారు. ఓసారి కిరాణా షాపులో బిల్లు కొట్టే మెషీను విరాళం ఇస్తారా అని అడిగితే, పైకే "ఈరోజు వద్దండి" అని చెప్పారు. మెషీనుకి! వెనక లైన్లో నిలబడ్డావిడ ఆయన్ని వింతగా చూసింది. నేను పక్కకి తిరిగి చిప్స్ పాకెట్లు చూస్తున్నట్టు నటించాను.

ఆయన కుడి బొటనవేలు లావుగా, గోరు కొంచెం వంకరగా ఉండేది. ప్రకటనలు మూయడానికి మూలలో ఇంటూ గుర్తు పెడతారు చూశారా, అది ఆ వేలికి దొరక్కపోతే ఆయన తప్పుందని బగ్ రాసి పడేసేవారు. "నా వేలికే దొరకనిది వణికే చేతికేం దొరుకుతుంది?" అనేవారు. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడులంటే ఆయనకి ఒళ్ళు మంట. మనిషి ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టే అని ఆ గడుల లెక్క. "మౌనం అర్ధాంగీకారం అన్నవాడెవడో గానీ, పెళ్ళిచూపుల్లో పిల్లని ఒక్క మాటైనా అడక్కుండా తాంబూలాలు పుచ్చుకున్న బాపతు" అనేవారు. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

నాకూ ఆయనకీ అసలు గొడవ స్క్రీన్ మీదికి లేచే ఒక పాపప్ ప్రశ్న దగ్గర వచ్చింది. యాప్ వాడేవాళ్ళ మందుల వివరాలు కొన్ని బయటి కంపెనీలకి పంపడానికి అనుమతి అడగాలి. మా మేనేజర్ ఆ పని నాకిచ్చింది. నేను రెండు బటన్లు రాశాను. పచ్చరంగులో పెద్దది: 'అవును, నా ఆరోగ్యం నాకు ముఖ్యం.' దాని కింద బూడిదరంగులో చిన్నది: 'వద్దు, నా ఆరోగ్యం ఏమైపోయినా పర్లేదు.' ఇంగ్లీషులో ఇంకాస్త నాజూగ్గా ఉంది గానీ సారం ఇదే. మీటింగ్‌లో అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఉబ్బిపోయాను కూడా, దాచడమెందుకు.

మర్నాడు మధ్యాహ్నం చిన్న మీటింగ్ రూమ్‌లో కూర్చుని పులిహోర డబ్బా మూత తీస్తున్నాను. తలుపు టకటకమంది. ఆయన.

"ఎవరూ?" అన్నాను నవ్వుతూ.

"మీ యాప్‌నండి. మీరేం మందులు వేసుకుంటున్నారో మాకు తెలిసినవాళ్ళకి చెప్పమంటారా?"

"వద్దన్నా, తిననియ్యి."

"వద్దు అనే బటన్ లేదమ్మా. రెండే ఉన్నాయి. 'నా ఆరోగ్యం నాకు ముఖ్యం' అంటే చెప్పేస్తాను. 'ఏమైపోయినా పర్లేదు' అంటే వెళ్ళిపోతాను. ఏదో ఒకటి అను."

"అబ్బ, ఏందన్నా నీ లొల్లి! ఆకలైతాంది."

ఆయన కదల్లేదు. తలుపుకి కాలు అడ్డం పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. అద్దాల గోడ అవతల ఇద్దరు ఆగి చూస్తున్నారు. స్పూను పట్టుకుని కూర్చున్నాను. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. చివరికి విసుగొచ్చి "సరే, ఏమైపోయినా పర్లేదు, పో!" అన్నాను.

ఆయన నవ్వలేదు. లోపలికొచ్చి ఎదురు కుర్చీలో కూర్చున్నారు. "నీ నోటితో నువ్వేమన్నావో విన్నావా? కడుపుతో ఉన్నావిడ ఈ మాట అనాలి. గుండె ఆపరేషన్ అయిన ముసలాయన పొద్దున్నే కాఫీ అయినా తాగకముందు ఈ మాట అనాలి. ఎందుకమ్మా వాళ్ళ చేత అనిపించడం?"

నాకు సిగ్గేసింది, సిగ్గుకంటే ఎక్కువ కోపం వచ్చింది. "నువ్వన్నీ గట్లనే అంటవన్నా. మన ఇండ్లల్ల మాత్రం? ఒకటికి మూడుసార్లు అడుగుతం. అడగకుంటే మర్యాద తెల్వదంటరు. నీ ఇంట్ల నేను ఉపాసం లేచిన, యాదున్నదా?"

"ఉంది. ఆ రోజు రాత్రి మీ వదిన నాతో మాట్లాడలేదు" అన్నారు. తర్వాత డబ్బా మూత కేసి చూస్తూ చెప్పారు. "మా నాన్న ఇన్సూరెన్స్ ఏజెంటమ్మా. ఎవరిచేతనైనా సరే అనిపించేసేవారు. నేను డిగ్రీలో ఉండగా, పని నేర్చుకుంటానని నన్నూ స్కూటర్ మీద తీసుకెళ్ళేవారు. మేం వీధి మలుపు తిరగ్గానే తలుపులు వేసుకుంటున్న చప్పుడు వినపడేది. మా నాన్న చెడ్డవారు కాదు. ఆయనకి ఆ చప్పుడు వినపడేది కాదంతే. నాకు వినపడేది."

సొంత సంగతి ఆయన నాకు చెప్పింది అదొక్కటే. డబ్బాలో సగం పులిహోర మూత మీద పెట్టి ఆయన వైపు జరిపాను. తింటారా అని అడగాలని గుర్తొచ్చి అడిగాను. తింటానన్నారు.

సాయంత్రానికి బటన్ మార్చేశాను. సరే, వద్దు. అంతే, రెండూ ఒకే సైజు.

తర్వాత ఇంకో స్క్రీన్ వచ్చింది, చాలా మామూలుది. మాత్ర వేళకి గుర్తుచేయమంటారా అని అడిగేది. దానికీ సరే, వద్దు అని రెండు పెట్టి చూపించాను. ఆయన బొటనవేలితో రెండూ నొక్కి చూసి "ఇంకోటి కావాలి. 'ఇప్పుడు వద్దు' అని" అన్నారు.

"రెండూ ఒకటే గదన్నా?"

"ఒకటెలా అవుతాయమ్మా? వద్దు అన్నవాడు గడియ పెట్టేసుకున్నాడు. ఇంక ఆ తలుపు కొట్టకూడదు. ఇప్పుడు వద్దు అన్నవాడు తలుపు దగ్గరగా వేశాడు, గడియ పెట్టలేదు. మళ్ళీ వస్తారులే అనుకుంటాడు. అక్కడికి మళ్ళీ వెళ్ళకపోతే తప్పు మనదే."

"ఇప్పుడంటే ఎంతసేపు? గంటనా, రోజా? నేను కోడ్‌ల అంకె రాయాలె."

ఆయన రేపు చెప్తానన్నారు. ఒక అంకె కోసం మనిషి ఒక రోజంతా ఆలోచించడం నేనెక్కడా చూడలేదు. మర్నాడు పొద్దున నేను బ్యాగు కింద పెట్టకముందే వచ్చి "ఏడు రోజులు" అన్నారు.

"ఏడే ఎందుకు?"

"రోజూ అడిగేవాడు అప్పులవాడు. వారానికోసారి అడిగేవాడు చుట్టం. అసలు అడగనివాడు పరాయివాడు."

ఏడు అని రాశాను. ఆయన ఇంకో సవరణ కూడా చేయించారు. రెండోసారి అడిగేటప్పుడు ఏమీ ఎరగనట్టు అడగకూడదట. వాళ్ళు పోయినసారి ఏమన్నారో మనకి గుర్తుందని చెప్పి మరీ అడగాలట. అందుకని ఇలా రాశాను: 'పోయిన వారం ఇప్పుడు వద్దన్నారు. ఇప్పుడు గుర్తుచేయమంటారా?' ఆయన రెండుసార్లు పైకి చదువుకుని తలూపారు. నా జీతం పెరిగిన రోజు కూడా నాకంత సంతోషం కలగలేదు.

ఆ బయటి కంపెనీల పాపప్ మాత్రం ఆయన కొంప ముంచింది. మాటలు మార్చడానికి మేనేజర్ ఒప్పుకుంది. కానీ, వద్దు అన్నవాళ్ళని యాప్ తెరిచిన ప్రతిసారీ మళ్ళీ అడగాలంది. విసుగొచ్చి ఎప్పుడో ఒకప్పుడు ఒప్పుకుంటారని ఆవిడ ధీమా. టెస్టర్‌గా ఆయన 'సరే, విడుదల చేయండి' అని సైన్ ఆఫ్ చేయనన్నారు. దాని మీద ఆఫీసులో మీటింగ్ పెట్టారు. "మీలో ఎవరైనా ఆయన పక్షమా?" అని ఆవిడ టేబుల్ చుట్టూ చూసింది.

నేను హెచ్-వన్ వీసా మీద ఉన్నాను. గ్రీన్ కార్డు కాగితాలు అప్పుడే మొదలుపెట్టారు. తల వంచి లాప్‌టాప్‌లోకి చూశాను. అందులో ఏమీ లేదు, ఖాళీ స్క్రీను. ఆయన నా వైపు ఒక్కసారి చూసి ఉంటారు, నాకు తెలియదు, నేను తలెత్తలేదు. మిగతావాళ్ళూ మాట్లాడలేదు. పాపప్ మేనేజర్ అన్నట్టే యాప్‌లోకి వెళ్ళిపోయింది. రెండు నెలలకి ఆయన కాంట్రాక్టు అయిపోయింది, మళ్ళీ ఇవ్వలేదు. ఎందుకని ఎవరూ చెప్పలేదు. ఆయన మూడు బటన్ల స్క్రీను మాత్రం అలాగే ఉండిపోయింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి.

ఆఖరి రోజు ఆయన వెంట పార్కింగ్ లాట్ దాకా వెళ్ళాను. ఆయన చేతిలో చిన్న అట్టపెట్టె, అందులో స్టీలు గ్లాసు, మనీప్లాంటు కుండీ.

"అన్నా, ఆ దినం మీటింగ్‌ల నేనేం అనలే" అన్నాను.

"అవునమ్మా, అనలేదు."

"భయమైంది. వీసా..."

"నాకు తెలియదా?" అన్నారు. పెట్టె వెనక సీట్లో పెట్టి బెల్టు కూడా కట్టారు దానికి. "నువ్వేమీ అనలేదు కాబట్టి ఆవిడతో ఒప్పుకున్నావని నేననుకోలేదు. మౌనం అర్ధాంగీకారం అంటే నాకెంత మంటో నీకు తెలుసు కదా."

నవ్వుతూనే అన్నారు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. తిట్లయితే మర్చిపోయేదాన్ని.

ఏడాది దాటాక వదిన ఫోన్ చేసింది. కడుపులో కాన్సర్, బయటపడేసరికే ఆలస్యమైందట. మాట్లాడుతుంటే ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. ఆ శనివారం పొద్దున ఆయనకి మెసేజ్ పెట్టాను: "అన్నా, ఇయ్యాల వచ్చి చూసిపోనా?"

రెండు గంటలకి జవాబొచ్చింది. "ఇప్పుడు వద్దమ్మా. కాస్త ఓపిక రానీ."

చదవగానే నా గుండె తేలికపడింది. అదీ నిజం. ఆ మీటింగ్ తర్వాత ఆయన మొహం నేను సరిగ్గా చూడలేదు. ఇప్పుడా మొహం చిక్కిపోయి ఉంటుంది, చూడాలంటే భయం. మా ఆయనతో "అన్న వద్దన్నడు" అన్నాను. 'ఇప్పుడు' అన్న మాట చెప్పలేదు. చెప్పకూడదని కాదు, నాకే అది అక్కర్లేకపోయింది.

"పెద్దాయన, మొహమాటానికి అనుంటడు. పోదాం పా" అన్నాడు మా ఆయన.

నేను ఇంతెత్తున లేచాను. "ఆయన సంగతి నీకు తెల్వదు. ఆయన తాన వద్దంటే వద్దే. అడిగిన, వద్దన్నడు. ఇగ పోతే ఆయన మాటకు విలువేముంటది?"

ఎంత గర్వంగా అన్నానో! ఆయన దగ్గర నేర్చుకున్న చదువంతా ఆయన ఇంటికి వెళ్ళకుండా ఉండటానికి వాడుకున్నాను. తర్వాత ఆఫీసులో కొత్త వెర్షన్ రిలీజ్, మా పాపకి జ్వరం, రోజులు గడిచిపోయాయి. మళ్ళీ మెసేజ్ పెట్టలేదు. పంతొమ్మిదో రోజున వదిన ఫోన్ చేసింది. అన్న పోయారని చెప్పింది.

పదో రోజున వాళ్ళింట్లో, వచ్చినవాళ్ళంతా వెళ్ళాక, వదిన నన్ను కూర్చోమంది. నిష్ఠూరంగా కాదు, ఏదో సంగతి చెప్తున్నట్టే చెప్పింది.

"నువ్వు మెసేజ్ పెట్టావు చూడు, ఆ పై శనివారం పొద్దున్నే గెడ్డం గీయమన్నారమ్మా. నీలం చొక్కా వేయమన్నారు. పట్టుకుని తీసుకొచ్చి ఈ సోఫాలో కూర్చోబెట్టాను. ఎవరొస్తున్నారండీ అంటే, వారమైంది కదా, అమ్మాయి అడుగుతుంది అన్నారు."

నేను సోఫా వైపు చూశాను.

"పోనీ నేను ఫోన్ చేసి రమ్మననా అన్నాను. వద్దన్నారు. దానికేం పనులున్నాయో, మనం లాగకూడదు, అదే అడుగుతుంది అన్నారు. మధ్యాహ్నం దాకా కూర్చున్నారు."

"ఆ తర్వాతి శనివారం, వదినా?"

"ఆ శనివారం లేవలేకపోయారు."

ఆయన మీద నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. ఒక్క మాట, రా అమ్మా అని ఒక్క మాట రాస్తే ఆయన సొమ్మేం పోయింది? పోయే ముందైనా ఈ పట్టుదలలు ఎందుకు? అని మనసులో ఎన్నిసార్లు పోట్లాడానో. పోట్లాడిన ప్రతిసారీ చివరికి నా ఫోన్ తీసి ఆ మెసేజ్ చూసుకుంటాను. అందులో ఆయన చెప్పాల్సిందంతా చెప్పారు. ఇప్పుడు వద్దమ్మా అన్నారు. ఆ మాటకి అర్థమేమిటో, దాని తర్వాత ఎన్ని రోజులు ఆగాలో, మళ్ళీ ఎలా అడగాలో ఈ లోకంలో నాకు తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుసు? ఆ అంకె రాసిన చెయ్యి నాది.

ఆ తర్వాత వదినకి మొహం చూపించలేక తప్పించుకు తిరిగాను. పండక్కి ఒక మెసేజ్, పుట్టినరోజుకి ఒక మెసేజ్. మొన్నామధ్య తెలిసింది, ఆవిడ ఇల్లు ఖాళీ చేసి మిషిగన్‌లో నోవైలో ఉండే కూతురి దగ్గరికి వెళ్ళిపోతోందని. ఫోన్ చేసి "వదినా, అన్న బట్టలు సర్దనీకి నేను రానా?" అన్నాను.

"ఇప్పుడొద్దులే అమ్మా" అంది.

"సరే వదినా" అని పెట్టేశాను. నమ్ముతారా, మళ్ళీ అదే తేలికదనం. అడిగాను, వద్దంది, నా బాధ్యత తీరింది. పది రోజులు ఆ సంగతే తలుచుకోలేదు. సిగ్గులేనిదాన్ని.

గత శనివారం వచ్చిన ప్రశ్న సంగతి ఇదీ. కొత్త ఫోన్ కొన్నాను. అందులో మా పాత ఆఫీసు యాప్ వేసుకున్న రోజున, మాత్ర గుర్తుచేయమంటారా అని అది అడిగితే, హడావిడిలో ఏదో ఒకటి నొక్కి పోయాను. శనివారం పొద్దున మళ్ళీ వచ్చింది. 'పోయిన వారం ఇప్పుడు వద్దన్నారు. ఇప్పుడు గుర్తుచేయమంటారా?' ఆయన పైకి చదువుకుని తలూపిన మాటలు, ఒక్క అక్షరం మారకుండా. ప్రాణం లేని యాప్, ఏడు రోజులు లెక్కపెట్టుకుని, చెప్పిన మాట ప్రకారం వచ్చి తలుపు కొట్టింది. నేను కొట్టలేదు.

కళ్ళు తుడుచుకుని వదినకి ఫోన్ చేశాను. ఏం మాట్లాడాలో ఆలోచించుకోలేదు, నోటికి అదే వచ్చింది. "వదినా, పోయినసారి ఇప్పుడొద్దు అన్నవు. ఇప్పుడు రానా?"

"మొన్నటి నుంచీ చూస్తున్నానమ్మా, మళ్ళీ అడుగుతావేమోనని" అంది. "రా."

వెళ్ళాను. అలమర తీసి ఇద్దరం మధ్యాహ్నం దాకా సర్దాం. ప్యాంట్లు ఒక పెట్టెలో, స్వెట్టర్లు ఒక పెట్టెలో, ఎవరికైనా ఇవ్వడానికి. భోజనాల వేళ వదిన పప్పు గిన్నె పట్టుకుని "వెయ్యనా?" అంది. "వెయ్యి వదినా" అన్నాను. చివరికి నీలం చొక్కా ఒక్కటే మిగిలింది. ఇస్త్రీ చేసి, మడతపెట్టి, సోఫా చేతి మీద ఉంది. ఇద్దరం దాని దగ్గరికి వెళ్ళకుండా చాలాసేపు వేరే పనులు చేశాం.

వదినే దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని నా ముందు పెట్టింది. "ఇది నువ్వు తీసుకుంటావా?" అంది.

చెయ్యి చాపబోయాను. చాపలేకపోయాను.

"ఇప్పుడు వద్దు వదినా" అన్నాను.

వదిన చొక్కాని తన సూట్‌కేసులో పైన పెట్టుకుంది. "సరే. వచ్చే శనివారం అడుగుతాను" అంది.